కాళ్లదెంత, బూట్లదెంత?

మధ్యదూర పరుగులంటే 800 మీటర్ల నుంచి 3000 మీటర్ల దాకా ఉండే పందేలు. వీటిలో ప్రపంచమంతా లెక్కలోకి తీసుకునేవి 800, 1500 మీటర్లు, బ్రిటన్‌లో పుట్టిన మైలు, అంటే 1609 మీటర్లు. 100 మీటర్ల పందెం పది పన్నెండు సెకన్లలో ముగిసిపోతుంది కాబట్టి అక్కడ ఊపిరితో పెద్దగా పనిలేదు. మారథాన్‌లో ఊపిరే సర్వస్వం. మధ్యదూరానికి రెండూ కావాలి. 800 మీటర్లలో ఖర్చయ్యే శక్తిలో సుమారు మూడింట రెండొంతులు పీల్చిన ఆక్సిజన్ నుంచి వస్తుంది, మిగతాది కండరాలు ఆక్సిజన్ సాయం లేకుండా పుట్టిస్తాయి. 1500కు వచ్చేసరికి ఆక్సిజన్ వాటా ఐదింట నాలుగొంతులకు పెరుగుతుంది. చివరి 200 మీటర్లలో పిక్కలు బిగుసుకుపోయి, తొడలు మండిపోయి, కాళ్లు మాట వినకపోవడం ఈ పందేలు పరిగెత్తిన ప్రతివారికీ అనుభవమే.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో మధ్యదూర పరుగు అనే మాట పెద్దగా వినపడదు. పదహారు వందలు అంటే మాత్రం ఉద్యోగానికి సిద్ధమవుతున్న ప్రతి కుర్రాడికీ తెలుసు. వానలూ సాగునీరూ అంతంతమాత్రంగా ఉన్న పశ్చిమ ప్రకాశంలో సైన్యం, పోలీసు కొలువులు ఎన్నో కుటుంబాలకు ఆధారం. గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట వైపు సైన్యంలో పనిచేసినవాళ్లు ఊరూరా కనిపిస్తారు. ఈ రెండు కొలువులకూ 1600 మీటర్ల పరుగు దాటాల్సిందే. గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయం నిర్వహించే ర్యాలీల్లో ఆ దూరాన్ని 5 నిమిషాల 30 సెకన్లలో ముగించినవారికి పూర్తిగా 60 మార్కులు, 5 నిమిషాల 45 సెకన్ల లోపు వచ్చినవారికి 48 మార్కులు. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పరీక్షల్లో, కుర్రాళ్లు ఈవెంట్స్ అని పిలిచే దశలో, ఇదే దూరానికి పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు గడువు. 400 మీటర్ల ట్రాక్ మీద ఇది సరిగ్గా నాలుగు చుట్లు. అయిదున్నర నిమిషాలంటే చుట్టుకు 82.5 సెకన్లు, 8 నిమిషాలంటే చుట్టుకు రెండు నిమిషాలు. మైలుకు ఇది తొమ్మిది మీటర్లే తక్కువ. అంటే తెల్లవారుజామున కాలేజీ గ్రౌండ్లలో చుట్లు కొట్టే యువకులు పరిగెత్తేది దాదాపుగా ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా చర్చకు వచ్చే పందేన్నే.

ఆ చర్చంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ ట్రాక్ మీద రోజర్ బానిస్టర్ మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తాడు. నాలుగు నిమిషాల గోడను బద్దలుకొట్టిన మొదటి మనిషి అతనే. 1999 జులై 7న రోమ్‌లో మొరాకోకు చెందిన హిషామ్ ఎల్ గెరూజ్ అదే దూరాన్ని 3 నిమిషాల 43.13 సెకన్లలో ముగించాడు. ఇద్దరినీ ఒకే పందెంలో నిలబెడితే గెరూజ్ గీత దాటేసరికి బానిస్టర్ నూరు మీటర్లకు పైగా వెనక ఉంటాడు. ఆ నూరు మీటర్లలో మనిషి వాటా ఎంత? కాలికింద నేల వాటా ఎంత? శిక్షణది, బూటుది ఎంతెంత? ఈ లెక్క విడదీయకుండా ఫలానావాడు గొప్ప అనడం న్యాయం కాదు.

ముందు నేల సంగతి. 1960ల చివరి దాకా పెద్ద పందేలు చాలావరకు సిండర్ ట్రాకుల మీదే జరిగేవి. కాలిన బొగ్గు నుంచి మిగిలిన చిట్టాన్ని నలగ్గొట్టి, పరిచి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కిన నేల అది. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము. ఒకే పందెంలో ముందు పరిగెత్తినవారి బూట్ల మేకులు లోపలి అంచును గుల్లచేసేవి, వెనక వచ్చినవారికి గుంతలే మిగిలేవి. అడుగు వేసిన ప్రతిసారీ కాలు నెట్టిన బలంలో కొంత ఆ పొడినేలను కదపడానికే పోతుంది. అలాంటి మెత్తటి నేల వేగాన్ని ఒకటిన్నర శాతం దాకా తగ్గిస్తుందని ఒక అంచనా. బానిస్టర్ సమయానికి దాన్ని వర్తింపజేస్తే 3 నిమిషాల 56 సెకన్లకు కాస్త లోపు వస్తుంది. నేలను మార్చినంత మాత్రాన మూడున్నర సెకన్లు కలిసొచ్చాయన్నమాట.

ఇక్కడ న్యూజిలాండ్ రన్నర్ పీటర్ స్నెల్ ప్రస్తావన తప్పదు. 1962 జనవరి 27న వాంగనూయిలో అతను మైలును 3 నిమిషాల 54.4 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. సరిగ్గా వారానికి, ఫిబ్రవరి 3న క్రైస్ట్‌చర్చ్‌లో 800 మీటర్లను 1 నిమిషం 44.3 సెకన్లలో ముగించి మరో ప్రపంచ రికార్డు అందుకున్నాడు. రెండూ పచ్చిక నేల మీదే. ఆ 800 మీటర్ల సమయం 2024 దాకా న్యూజిలాండ్ జాతీయ రికార్డుగా నిలిచింది. ఈ మధ్యలో సింథటిక్ ట్రాకులు వచ్చాయి, రెండు మూడు తరాల బూట్లు మారాయి, శిక్షణ శాస్త్రంగా ఎదిగింది. గడ్డిలో పరిగెత్తిన మనిషిని అతని దేశంవాళ్లు అందుకోవడానికి 62 ఏళ్లు పట్టింది. యుగాలను పోల్చేటప్పుడు ఇంతకన్నా బలమైన సాక్ష్యం దొరకడం కష్టం.

1968 మెక్సికో ఒలింపిక్స్‌తో సింథటిక్ ట్రాక్ వచ్చింది. అది ఎండకూ వానకూ మారదు, మేకు దిగిన చోట జారదు, కాలు నెట్టిన బలాన్ని మింగేయదు. నేల బిగువుకూ వేగానికీ సంబంధముందని అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు థామస్ మెక్‌మాన్, పీటర్ గ్రీన్ 1970లలో లెక్కగట్టి చూపించారు. నేల మరీ గట్టిగా ఉంటే కాలికి దెబ్బ, మరీ మెత్తగా ఉంటే కాలు నేలమీద ఎక్కువసేపు ఉండిపోతుంది. ఆ రెంటికీ మధ్యన ఒక బిగువు దగ్గర వేగం పెరుగుతుంది, గాయాలు తగ్గుతాయి. వాళ్ల లెక్క ప్రకారం 1977లో హార్వర్డ్‌లో వేసిన ఇండోర్ ట్రాక్ మీద సమయాలు సుమారు 2 నుంచి 3 శాతం మెరుగయ్యాయి. నలభై ఏళ్ల తరవాత బూటు అడుగున చేరిన ఆలోచన కూడా ఇదే.

మెక్సికో ఆటల్లోనే మరో చిక్కు బయటపడింది. ఆ నగరం సముద్రమట్టానికి 2240 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన, ఆక్సిజన్ తక్కువ. పొట్టి పరుగులకు అది మేలు చేసింది, మధ్యదూరానికి కీడు చేసింది. 1967లో 1500 మీటర్లను 3 నిమిషాల 33.1 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టిన అమెరికన్ జిమ్ రియన్ అక్కడ 3 నిమిషాల 37.8 సెకన్లతో రెండో స్థానంలో నిలిచాడు. కెన్యా ఎత్తు ప్రాంతాల్లో పెరిగిన కిప్ కెయినో 3 నిమిషాల 34.9 సెకన్లతో, దాదాపు 20 మీటర్ల తేడాతో గెలిచాడు. అంకెను మాత్రమే చూస్తే కెయినో పరుగు రియన్ రికార్డుకన్నా నాసి. గాలిని కూడా చూస్తే అది ఒలింపిక్ చరిత్రలోని గొప్ప పరుగుల్లో ఒకటి.

ఇక బూట్లు. పాతకాలపు బూట్లు బరువుగా, మోటుగా ఉండేవన్న నమ్మకం చాలామందికి ఉంది. అది నిజం కాదు. బానిస్టర్ తొడుక్కున్న స్పైక్స్, అంటే మేకుల బూట్లు, పలచని కంగారూ తోలుతో, చేతితో కుట్టినవి. ఒక్కొక్కటి సుమారు 125 గ్రాములు. చిట్టపు పొడి అంటుకుని బరువెక్కకుండా అడుగున గ్రాఫైట్ రుద్దుకున్నాడు. ఇవాళ ప్రపంచ స్థాయి రన్నర్లు వేసుకునే స్పైక్స్ బరువూ దాదాపు అంతే. ఒక్కో కాలికి 100 గ్రాములు పెరిగితే పరుగుకు కావలసిన ఆక్సిజన్ సుమారు ఒక శాతం పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయి కనుక బరువుకు విలువ ఉంది. కానీ ఆ లాభాన్ని 1954 నాటి చర్మకారుడు అప్పటికే పూర్తిగా పిండుకున్నాడు. అతని బూటులో లేనిది ఒక్కటే, పాదానికీ నేలకూ మధ్య మెత్తదనం. తోలు కింద పలచని అట్ట, దానికింద మేకులు, అంతే. నేల తాకిడినంతా పిక్కలూ మడమ నరాలూ భరించాలి.

ఆ తరవాతి అరవై ఏళ్లలో తోలు పోయి నైలాను వచ్చింది, విడిపోయే మేకులు వచ్చాయి, సాధన బూట్లలో ఈవీఏ అనే నురుగు పదార్థం చేరింది. పందెం స్పైక్స్ మాత్రం పెద్దగా మారలేదు. ఉత్త కాళ్లతో కూడా ప్రపంచ స్థాయిలో నిలబడగలిగిన కాలం అది. 1984 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో జోలా బడ్ 3000 మీటర్ల ఫైనల్‌ను చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. బూటుకూ రికార్డుకూ పెద్ద సంబంధం లేదని శిక్షకులు నమ్మిన రోజులవి, ఆ నమ్మకానికి తగిన ఆధారమూ ఉండేది.

2017లో మారథాన్ బూట్లతో కథ మారింది. నైకీ కంపెనీ తెచ్చిన వేపర్‌ఫ్లై బూటులో రెండు కొత్త అంశాలున్నాయి: పెబాక్స్ అనే తేలికపాటి నురుగు, దాని మధ్యలో వంపు తిరిగిన కార్బన్ ఫైబర్ పలక. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని పరీక్షించారు. మామూలు పందెం బూటులోని నురుగు తనలో కుదించుకున్న శక్తిలో 66 శాతం దాకా తిరిగి ఇస్తే, కొత్త నురుగు 87 శాతం ఇచ్చింది. ఒకే వేగంతో పరిగెత్తడానికి కావలసిన శక్తి సగటున 4 శాతం తగ్గింది. నురుగు తనంతట తాను శక్తిని పుట్టించదు. కాలు నేలను తాకినప్పుడు వేడిగా మారి వృథా అయిపోయే శక్తిని దాచి, కాలు లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. పలక పని వేరు. బొటనవేలి మొదట్లో ఉండే కీలు అడుగడుగునా వంగుతూ శక్తిని పోగొడుతుంది. పలక ఆ వంపును తగ్గిస్తుంది, మెత్తటి నురుగు పక్కలకు ఒరిగిపోకుండా నిలబెడుతుంది.

ఇదే సూత్రం 2019, 2020 నాటికి ట్రాక్ స్పైక్స్‌లోకి దిగింది. వాటిని సూపర్ స్పైక్స్ అంటున్నారు. ఇక్కడ లాభం మారథానంత ఉండదు. శక్తి 4 శాతం ఆదా అయితే వేగం 4 శాతం పెరగదు, గాలి నిరోధం అందులో కొంత తినేస్తుంది. పైగా ట్రాక్ బూటులో నురుగు మందం తక్కువ. మధ్యదూర వేగాల్లో సూపర్ స్పైక్స్ వల్ల వచ్చే లాభం 1 నుంచి 2 శాతం మధ్య ఉంటుందని ఇప్పటిదాకా జరిగిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. 1500 మీటర్లను 3 నిమిషాల 35 సెకన్లలో పరిగెత్తేవాడికి ఒక శాతమంటే రెండు సెకన్ల పైచిలుకు. ఒలింపిక్ ఫైనల్లో ఆ తేడా పతకానికీ చివరి స్థానానికీ మధ్య దూరం. దీనికి తోడు కంటికి కనిపించని లాభం మరొకటుంది. కొత్త నురుగు పిక్కలను కాపాడుతుంది కాబట్టి కఠినమైన సాధన చేసిన మరునాడు కూడా నొప్పులు తక్కువ. వారానికి ఇంకో గట్టి సాధన అదనంగా చేయగలిగితే, పందెం రోజున పాత బూట్లు వేసుకున్నా ఆ లాభం ఎక్కడికీ పోదు.

పందెం ఇంజినీర్ల పోటీగా మారిపోతుందన్న భయంతో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2020లో నిబంధనలు బిగించింది. రోడ్డు పరుగు బూటు అడుగు 40 మిల్లీమీటర్లకు మించకూడదు. ట్రాక్ మీద 800, ఆపై దూరాలకు 25 మిల్లీమీటర్ల దాకా ఉన్న అనుమతిని 2024 నవంబరు 1 నుంచి 20 మిల్లీమీటర్లకు తగ్గించింది. బూటులో గట్టి పలక ఒక్కటే ఉండాలి. బానిస్టర్ కాలంలో ఇలాంటి గీత గీయాల్సిన అవసరమే రాలేదు.

బూటు మహిమ ఇంత ఉంటే పాత రికార్డులన్నీ కూలిపోవాలి. కూలాయా అంటే, సగమే. గెరూజ్ 1998 జులై 14న రోమ్‌లో పరిగెత్తిన 1500 మీటర్ల 3 నిమిషాల 26.00 సెకన్లు, ఏడాది తరవాతి మైలు సమయం రెండూ సూపర్ స్పైక్స్‌కు రెండు దశాబ్దాల ముందువి. అవి ఇంకా నిలిచే ఉన్నాయి. పురుషుల 800 రికార్డు కూడా పాత బూట్లదే: 2012 లండన్ ఒలింపిక్స్‌లో డేవిడ్ రుడీషా 1 నిమిషం 40.91 సెకన్లు. 1997 ఆగస్టులో కొలోన్‌లో విల్సన్ కిప్‌కెటర్ 1 నిమిషం 41.11 సెకన్లలో పరిగెత్తాడు. 27 ఏళ్ల తరవాత, 2024 ఆగస్టులో లొసాన్‌లో ఎమ్మాన్యుయెల్ వాన్యోన్యి సరిగ్గా అదే సమయం నమోదు చేశాడు. సెకనులో నూరో వంతు కూడా తేడా లేదు. కొత్త బూటు ఒక శాతం ఇస్తుందన్నది నిజమైతే, ఆ లెక్కన కిప్‌కెటర్ పరుగు ఒక సెకను మెరుగైనదని ఒప్పుకోవాలి.

శిఖరం కదలలేదు గానీ దాని కింది మెట్లు బాగా పైకి జరిగాయి. సెబాస్టియన్ కో 1981లో ఫ్లారెన్స్‌లో పరిగెత్తిన 1 నిమిషం 41.73 సెకన్లు పదహారేళ్లు ప్రపంచ రికార్డుగా వెలిగాయి. 2024 పారిస్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్లో మొదటి నలుగురూ ఆ సమయాన్ని దాటేశారు. నాలుగో స్థానంలో నిలిచినవాడు 1 నిమిషం 41.67 సెకన్లలో పరిగెత్తి కూడా పతకం లేకుండా ఇంటికి వెళ్లాడు. అక్కడే 1500 ఫైనల్లో కోల్ హాకర్ 3 నిమిషాల 27.65 సెకన్లతో గెలిస్తే, అంతకుముందున్న ఒలింపిక్ రికార్డును నలుగురు ఒకే పందెంలో దాటారు. బూటు ప్రభావం అసాధారణ ప్రతిభ ఉన్న ఒకరిద్దరిలో కన్నా, వాళ్ల వెనకున్న గుంపులో స్పష్టంగా కనిపిస్తుంది.

మహిళల్లో కథ వేరుగా ఉంది. కెన్యాకు చెందిన ఫెయిత్ కిప్యెగాన్ 1500 మీటర్ల రికార్డును 2023లో 3 నిమిషాల 49.11కు, 2024లో 49.04కు, 2025 జులై 5న 48.68కి తగ్గించింది. 2023లో మైలును 4 నిమిషాల 7.64 సెకన్లలో ముగించింది. ఏటా అగ్రశ్రేణి సమయాలను పోల్చిన అధ్యయనాల్లో కొత్త బూట్ల వల్ల పురుషులకన్నా మహిళలకు ఎక్కువ మేలు జరిగినట్టు తేలింది. తక్కువ శరీర బరువుకు అదే మందం నురుగు ఎక్కువగా సాయపడుతుందన్నది ఒక వాదన. దీనిపై ఏకాభిప్రాయం కుదరలేదు. అయినా కిప్యెగాన్ ఘనతను బూటు ఖాతాలో వేయడం అన్యాయం. ఆమె ప్రత్యర్థులందరికీ అలాంటి బూట్లే ఉన్నాయి, వాళ్లను ఆమె మీటర్ల కొద్దీ వెనక వదిలేసింది. ఇక మహిళల 800 మీటర్ల రికార్డు, జార్మిలా క్రటోఖ్విలోవా 1983లో నెలకొల్పిన 1 నిమిషం 53.28 సెకన్లు, ఏ బూటుకూ లొంగకుండా నిలిచి ఉంది.

అంకెలను మార్చిన మరికొన్ని సంగతులున్నాయి. ట్రాక్ లోపలి అంచున వెలుగుతూ పరిగెత్తే దీపాలు ఇప్పుడు నిర్ణీత వేగాన్ని చూపిస్తున్నాయి. రన్నర్ వేగం హెచ్చుతగ్గులు లేకుండా నిలుస్తుంది. బానిస్టర్‌కు ఆ సాయం చేసినవారు స్నేహితులు క్రిస్ బ్రాషర్, క్రిస్ చాటవే. బానిస్టర్ వైద్య విద్యార్థి, మధ్యాహ్న విరామంలో సాధన చేసేవాడు. నేటి రన్నర్‌కు పరుగే వృత్తి. నిషేధిత ఉత్ప్రేరకాల నీడ కూడా ఉంది. రక్తంలో ఆక్సిజన్ మోసే కణాలను పెంచే ఈపీఓను పసిగట్టే పరీక్ష 2000 సిడ్నీ ఒలింపిక్స్‌తోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు దశాబ్దం నాటి సమయాలను కొత్తవాటితో పోల్చేటప్పుడు, ఎవరి మీదా నింద వేయకపోయినా, ఈ సంగతి గుర్తుంచుకోక తప్పదు.

భారతదేశంలో యుగాల పోలికకు శ్రీరామ్ సింగ్‌ను మించిన ఉదాహరణ లేదు. రాజస్థాన్ పల్లెలో పుట్టి, సైన్యంలో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేరి, అక్కడే రన్నర్‌గా ఎదిగాడు. సైన్యం కోసం పరిగెత్తే గిద్దలూరు కుర్రాళ్లకు తెలిసి ఉండాల్సిన పేరు అది. 1974 తెహ్రాన్, 1978 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 800 మీటర్ల స్వర్ణాలు అతనివే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఫైనల్లో మొదటి చుట్టును 50.85 సెకన్లలో ముగించి అందరికన్నా ముందు నడిచాడు. రెండో చుట్టులో క్యూబాకు చెందిన ఆల్బెర్టో హువాంటొరేనా దాటిపోయి 1 నిమిషం 43.50 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. ఆ రికార్డుకు శ్రీరామ్ సింగ్ పెట్టిన వేగమే కారణమని హువాంటొరేనా తరవాత చెప్పాడు. శ్రీరామ్ ఏడో స్థానంలో 1 నిమిషం 45.77 సెకన్లకు గీత దాటాడు.

ఆ సమయం 42 ఏళ్లు జాతీయ రికార్డుగా నిలిచింది. 2018 జూన్‌లో గువాహటిలో కేరళకు చెందిన జిన్సన్ జాన్సన్ 1 నిమిషం 45.65 సెకన్లతో దాన్ని దాటాడు. తేడా 0.12 సెకన్లు, ఆ వేగంలో ఒక మీటరు కూడా కాదు. రెండు పరుగులూ సింథటిక్ నేల మీదివే, రెండూ సూపర్ స్పైక్స్‌కు ముందువే. అందుకే ఈ పోలిక శుభ్రంగా ఉంది. నేల, బూటు దాదాపు సమానమైతే నాలుగు దశాబ్దాల శిక్షణ, ఆహారం, వైద్యం కలిసి ఇచ్చింది ఒక్క మీటరే. 2025లో మహ్మద్ అఫ్సల్ పోలండ్‌లో 1 నిమిషం 44.93 సెకన్లలో పరిగెత్తి 1 నిమిషం 45 సెకన్ల లోపుకు చేరిన మొదటి భారతీయుడయ్యాడు. ఏడేళ్లలో 0.72 సెకన్లు, అంటే 0.7 శాతం. ప్రపంచమంతా కొత్త స్పైక్స్‌కు మారిన ఏళ్లవి. అఫ్సల్ ప్రతిభను తక్కువ చేయకుండానే శ్రీరామ్ సింగ్ పరుగు దానికి సాటి అనవచ్చు. అతను ఆ సమయాన్ని ఒలింపిక్ ఫైనల్లో, మొదటి చుట్టులో తనే గాలిని చీల్చుకుంటూ, వెనక ప్రపంచపు మేటి రన్నర్లు తరుముతుండగా సాధించాడు.

తెలుగు నేల నుంచి ఈ వరసలో నిలిచే 800, 1500 పేర్లు ఇంకా రాలేదు. జ్యోతి యర్రాజి హర్డిల్స్‌లో, వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి పారా 400 మీటర్లలో ప్రపంచ స్థాయికి చేరారు. మధ్యదూరానికి దగ్గరగా వచ్చింది హెప్టాథ్లాన్ క్రీడాకారిణి అగసర నందిని. ఏడు అంశాల ఆ పోటీలో చివరిది 800 మీటర్లే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 5712 పాయింట్లతో ఆమె కాంస్యం గెలిచింది.

మరి వేర్వేరు కాలాల రన్నర్లను న్యాయంగా తూచడం ఎలా? సమయాన్ని పక్కన పెట్టి, తన కాలంవారి కన్నా ఎంత ముందున్నాడో చూడటం మొదటి పద్ధతి. నేల, బూటు, గాలి ఆనాటి ప్రత్యర్థులకూ అవే కనుక పోలిక నిలుస్తుంది. కెయినో 20 మీటర్ల ఆధిక్యం, హువాంటొరేనా ఒకే ఒలింపిక్స్‌లో 400, 800 రెండూ గెలవడం ఈ తూకంలో బరువెక్కుతాయి. రికార్డు ఎన్నేళ్లు నిలిచిందో, ఆలోగా ఎన్ని సౌకర్యాలు మారినా నిలిచిందో చూడటం రెండోది. స్నెల్ ఇక్కడ అందరికన్నా పైన ఉంటాడు. నేలకు ఒకటిన్నర శాతం, బూటుకు ఒక శాతం అంటూ సమయాలను దిద్దడం మూడో పద్ధతి. ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది గానీ మూడింటిలో బలహీనమైనది ఇదే. ఆ శాతాలు సగటులు. ఒకే బూటుతో ఒకరికి మూడు శాతం మేలు జరిగితే పక్కవాడికి ఏమీ జరగదు. చనిపోయిన రన్నర్‌కు ఏ శాతం వర్తిస్తుందో తేల్చే పరీక్ష ఏదీ లేదు.

మార్కాపురం, గిద్దలూరు కుర్రాళ్ల దగ్గరకు వస్తే ఈ లెక్కలకు విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ సెకన్లకు ఉద్యోగం ముడిపడి ఉంది. కార్బన్ పలక ఉన్న పేరున్న బూట్ల ధర 20 వేల రూపాయల పైమాటే. కూలికి వెళ్లే తండ్రి ఆ డబ్బు అప్పు తెచ్చి ఇస్తే కలిసొచ్చేదెంత? అయిదున్నర నిమిషాల పరుగులో 1 నుంచి 2 శాతం అంటే 3 నుంచి 6 సెకన్లు. అదీ గట్టి నేల మీద. ఎర్రమట్టి, మొరం, సన్నరాళ్లు కలిసిన గ్రౌండులో నురుగు తిరిగి ఇచ్చే బలాన్ని వదులు నేల తినేస్తుంది. వేగం తగ్గేకొద్దీ లాభం కూడా తగ్గుతుంది కాబట్టి 8 నిమిషాల పరీక్షకు సిద్ధమయ్యేవారికి దక్కేది ఇంకా స్వల్పం. ఆ నురుగు కొన్ని వందల కిలోమీటర్లకే చచ్చుబడుతుంది, రోజూ సాధనకు వాడితే పరీక్ష నాటికి మామూలు బూటే మిగులుతుంది. నిలకడగా సాధన చేసే కొత్త రన్నర్ సమయం కొద్ది నెలల్లో అర నిమిషం, నిమిషం తగ్గడం మామూలు విషయం. దాని పక్కన పెడితే బూటు వాటా చిన్నది. పాదానికి సరిపోయే, మడమ పట్టుకుని ఉండే తేలికపాటి మామూలు రన్నింగ్ షూస్ ఈ దూరానికి చాలు. ఉత్త కాళ్లతో అలవాటుపడినవారు కొత్త బూట్లకు పరీక్ష వారంలో మారితే పిక్కలు, చీలమండలు పట్టేస్తాయి. ఆ మార్పుకు కొన్ని వారాల వ్యవధి ఇవ్వాలి.

వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఎండ ప్రభావం బూటు ప్రభావాన్ని మించిపోతుంది. ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లి, కండరాలకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. మే నెలలో పరిగెత్తిన సమయాన్ని డిసెంబరు సమయంతో పోల్చి దిగులుపడనక్కర్లేదు.

అన్నింటికన్నా పెద్ద పొరపాటు మాత్రం గ్రౌండు కొలతలోనే జరుగుతుంది. కంటి అంచనాతో గీసిన చుట్టు 400కు బదులు 390 మీటర్లు ఉంటే నాలుగు చుట్లకు 40 మీటర్లు తగ్గిపోతాయి. అయిదున్నర నిమిషాల వేగంలో అది 8 సెకన్లు, ఎంత ఖరీదైన బూటైనా ఇవ్వలేనంత. ఊళ్లో 5 నిమిషాల 25 సెకన్లకు వచ్చేవాడు ర్యాలీలో 5 నిమిషాల 33 సెకన్లకు వచ్చి, తన కాళ్లను తిట్టుకుంటాడు. పరిగెత్తే గీత కూడా లెక్కలోకి వస్తుంది. లోపలి అంచుకు మీటరు దూరంగా పరిగెత్తితే చుట్టుకు 6.28 మీటర్లు, నాలుగు చుట్లకు 25 మీటర్లు అదనం, అంటే మరో 5 సెకన్లు. గుంపుగా వదిలినప్పుడు బయటివైపు చిక్కుకున్నవారు ఈ దూరాన్ని తెలియకుండానే మోస్తారు. అంతర్జాతీయ ట్రాక్ కొలత రహస్యమేమీ కాదు: 84.39 మీటర్ల పొడవున సమాంతరంగా రెండు నిడుపు గీతలు, వాటి కొసలను కలుపుతూ 36.5 మీటర్ల వ్యాసార్ధంతో రెండు అర్ధవలయాలు. లోపలి అంచున గట్టు ఉంటే దానికి 30 సెంటీమీటర్ల బయట కొలిచిన దూరం సరిగ్గా 400 మీటర్లు. గట్టు లేక సున్నపు గీత మాత్రమే ఉంటే కొలత 20 సెంటీమీటర్ల బయట తీసుకుంటారు కనుక వ్యాసార్ధాన్ని 36.6 మీటర్లు చేయాలి. ఒక మేకు, ఆ పొడవు తాడు, కొలత టేపు, సంచెడు సున్నం ఉంటే, అంత చోటున్న ఏ కాలేజీ గ్రౌండులోనైనా ఈ ట్రాక్ గీయవచ్చు.